రాతి గోడలో నాలుగు రంధ్రాలు

రాక్‌కూ గోడకూ మధ్య వెలుతురు కనిపించింది. ఆ సందులో ఎప్పుడూ చీకటే ఉండేది. సోమవారం సాయంత్రం నాలుగు దాటింది. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఎందుకో తలెత్తి చూస్తే, ఆరడుగుల చెక్క రాక్ వెనక, పక్క గోడ కిటికీలోంచి వచ్చే ఎండ సన్నటి గీతలా నిలబడి ఉంది. చూస్తుండగానే ఆ గీత వెడల్పైంది. రాక్ మీద పెట్టిన స్టీలు డబ్బాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. నా మూడేళ్ల కూతురు కింది సొరుగు బయటికి లాగి, అందులో రెండు కాళ్లూ పెట్టి నిలబడి, పై అరలో ఉన్న రంగు పెన్సిళ్ల డబ్బా కోసం చెయ్యి చాపుతోంది.

చేట ఎక్కడ పడిందో తెలియదు. రెండు చేతులతో రాక్‌ను గోడకేసి నొక్కి పట్టుకున్నాను. దాని బరువంతా నా మణికట్ల మీదికి వచ్చింది. చేతులు వదిలితే రాక్ పడుతుంది. వదలకపోతే పిల్లను తీయలేను. "దిగు బిడ్డా" అన్నాను. అది ఆట అనుకుని నవ్వింది. లోపల హోంవర్క్ రాసుకుంటున్న ఆరేళ్ల కొడుకును కేకేస్తే, వాడు వచ్చి చెల్లెలిని నడుం పట్టుకుని కిందికి లాగాడు. అప్పుడు మోకాలితో సొరుగును లోపలికి నెట్టాను. రాక్ మళ్లీ గోడకు ఆనుకుంది. వెలుతురు పోయింది. నేల మీద చెల్లాచెదురైన బియ్యాన్ని చేటలోకి ఎత్తుకున్నాను.

మేం ఉండేది మెదక్‌లో, పాత బస్టాండు వెనక సందులో, ఒక పాత ఇంటి ముందు పోర్షన్‌లో. నేల షాబాద్ బండలు. ఎప్పుడో పరిచినవి, ఒక్కటీ సమంగా లేదు. నీళ్లు పోస్తే వీధి తలుపు వైపు పారతాయి. రాక్ కూడా అటే వాలుతుందని, కొన్నప్పుడే ముందు కాళ్ల కింద అట్టముక్కలు మడిచి పెట్టాం. ఏడాదిలో ఆ అట్టలు అణిగి కాగితాల్లా అయ్యాయి. నేను రోజూ ఊడుస్తూ వాటిని చూస్తూనే ఉన్నాను. చూడటం వేరు, ఆలోచించడం వేరు.

మా ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో పని చేస్తారు. ఆదివారం వస్తారు, సోమవారం తెల్లవారుజామున బస్సెక్కుతారు. ఆ సాయంత్రం ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"పడలేదు గదా. ఎందుకు పరేషాన్ అయితవు? ఆదివారం వచ్చినంక చూస్త."

"ఊగుతున్నదని చెప్పి మూడు ఆదివారాలు అయినయి. మీరు చూస్తనే ఉన్నరు."

నేనే ఫోన్ పెట్టేశాను. మంచం కింద ఆయన డ్రిల్ మిషన్ పెట్టె ఉంది. అందులో ఒక ప్లాస్టిక్ కవర్లో ఏడెనిమిది బిట్లు, పాత ఎల్ పట్టీలు రెండు ఉన్నాయి. పట్టీ ఒక చెయ్యిని రాక్ పైచట్రానికీ, ఇంకో చెయ్యిని గోడకూ బిగిస్తే రాక్ ముందుకు పడదు. ఇంత చిన్న పనికి ఆదివారం దాకా ఆగాలా అనిపించింది. అన్నింటిలోకీ కొస పదునుగా మెరుస్తున్న బిట్టును ఎంచుకున్నాను. ఏ పనికైనా పదునుగా ఉన్నదే మంచిదని నా లెక్క. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను గానీ ఏ పుస్తకంలోనూ మా ఇంటి గోడ గురించి లేదు.

పూత గబగబా ఊడి వచ్చింది. అర అంగుళం దిగాక బిట్టు కీచుమని అరిచింది. ఇంకా గట్టిగా నొక్కాను. కాలిన వాసన వచ్చింది. బయటికి తీసి చూస్తే కొస నీలంగా మారి, గుండ్రంగా అరిగిపోయి ఉంది. అదే సమయానికి గోడకు అవతలి నుంచి ఎవరో మూడుసార్లు గట్టిగా చరిచారు.

అవతలి పోర్షన్‌లో ఇంటి ఓనరమ్మ ఉంటుంది. నేను పెద్దమ్మ అని పిలుస్తాను. భర్త పోయి చాలా ఏళ్లయింది. పది రోజుల కిందటే కూతురిని కౌడిపల్లి అత్తగారింటి నుంచి తొలి కాన్పుకు తీసుకొచ్చింది. పెద్దమ్మ సగం అల్లిన జడను చేత్తో పట్టుకునే మా గడపలోకి వచ్చింది.

"ఏందే పిల్లా, గోడ తొలుస్తున్నవా?"

"రాక్ పడేటట్టున్నది పెద్దమ్మా. పట్టీలు కొడదామని."

"ఇంట్ల ఏడో నెల పిల్ల ఉన్నది. ఎరుకేనా నీకు?"

"ఎరుకే."

"ఎరుకైతే చెయ్యెట్ల వచ్చింది? కడుపుతోని ఉన్న ఆడిబిడ్డ ఇంట్ల ఉంటే గోడకు మేకు సుత కొట్టరు. నువ్వు ఏకంగ మిషనే పెడితివి. అది గోడ పక్కనే పండుకున్నది. ఉలిక్కిపడి లేచి కూసున్నది."

ఆ అమ్మాయి మంచం సరిగ్గా ఆ గోడకే ఆనుకుని ఉంటుందని తెలిసి కూడా నాకు గుర్తు రాలేదు.

"మొన్న నీ మొగుడు గిట్లనే వంటింట్ల టైలు పలగ్గొట్టిండు," అంది పెద్దమ్మ. "చిన్న బొక్కనే పెద్దమ్మా అన్నడు. గా బొక్కకెల్లి మూల దాక చీలింది. అసొంటి పూల టైలు మళ్ల దొరుకుతదా?"

మొన్న అంటే నిరుడు. కానీ ఆమె రోజూ నీళ్ల కోసం మా వంటింట్లోంచే పోతుంది. ఆ పగులును రోజూ చూస్తుంది. ఆమెకు అది మొన్నే.

వాదించాలని లేదు. "ఒక్కసారి గిటు చూడు పెద్దమ్మా" అని కింది సొరుగు లాగి, దాని మీద నా చేతులు మోపి నొక్కాను. రాక్ ముందుకు వంగింది. పెద్దమ్మ జడ వదిలేసి రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. ఆమె ముఖం మారింది.

"దీని మీదికి ఎక్కిందా చిన్నది?"

"ఇందాకనే."

"అయితే బయట పారెయ్యి దీన్ని."

"బట్టలు, బుక్కులు ఎక్కడ పెట్టాలె?"

"కింద పండబెట్టు."

"పండబెడితే వీధి తలుపు తెరుసుకోదు."

"వేరే గోడకు పెట్టు."

ఒక గోడకు కిటికీలు. ఒక గోడకు తలుపులు. మూడో గోడ వానాకాలమంతా చెమ్మ పీల్చి పెళ్లలు రాలుస్తుంది. అది ఆమె ఇల్లే, ఆమెకు నాకంటే బాగా తెలుసు. అప్పుడు గడపలోంచి ఆమె కూతురు మాట వినిపించింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఏమో.

"అమ్మా, బేస్తారం మనం దవాఖానకు పోతున్నం గదా, స్కానింగ్‌కు. గప్పుడు కొట్టుకోమను. నేను ఇంట్ల ఉండను గదా."

పెద్దమ్మ నా వైపు వేలు చూపించి ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "నా బిడ్డ గేటు దాటినంక మొదలుపెట్టు. మళ్ల గేటులకు వచ్చే వరకు మిషను ఆగిపోవాలె. గా దినం అయితే అయినట్టు, లేకుంటే లేదు. కాన్పు అయ్యి, పసిగుడ్డుకు మూడు నెలలు వచ్చేదాక మళ్ల గోడ ముట్టొద్దు."

సరే అన్నాను. ఆమె నమ్మకం చూసి నవ్వే అర్హత నాకు లేదు. కొడుకు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం రోజున, చదువుకున్నదాన్ని, తలుపులు కిటికీలు మూసిన గదిలో వెల్లకిలా పడుకుని చెయ్యి కూడా కదపకుండా మూడు గంటలు ఉన్నాను. చెప్పింది మా అత్తమ్మే, కానీ పడుకున్నది నేను. గోడకు ఇటు నా పిల్ల, అటు ఆమె పిల్ల. ఎవరి భయం వాళ్లది.

కాన్పుకు ఇంకా రెండు నెలలకు పైనే. తర్వాత మూడు నెలలు. మొత్తం ఐదు నెలలకు పైన ఆ రాక్ అలాగే నిలబడి ఉంటుంది, ఇంట్లో మూడేళ్ల పిల్ల తిరుగుతుంటుంది. గురువారం ఉదయం రెండు మూడు గంటలు తప్ప నాకు ఇంకో అవకాశం లేదు. తప్పు బిట్టుతో అందులో ఒక్క అరగంట కూడా పోగొట్టుకోకూడదనుకున్నాను.

ఆ రాత్రే సొరుగులు రెండూ ఊడదీసి మంచం కిందికి తోశాను. స్టీలు డబ్బాలు దించాను. నైలాను తాడుతో రాక్‌ను కిటికీ ఊచకు కట్టాను. తెల్లారేసరికి పిల్లలు ఆ తాడు పట్టుకుని బస్సు ఆట మొదలుపెట్టారు.

మంగళవారం, కొడుకును బడిలో, కూతురిని అంగన్‌వాడీలో దింపి మెయిన్ రోడ్డు మీది హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని కూర్చునే పెద్దాయన షాపు అది.

"అన్నా, గోడ బిట్టు కావాలె."

"గోడ దేనిది?"

"గోడ... గోడనే."

"గోడ అంటే గోడనేనా చెల్లె? కూర గావాలె అంటే ఏం కూర అని అడుగరా? ఇటుకనా, సిమెంటు బిళ్లలా, పిల్లరా, రాయా?"

తెలియదన్నాను. అరిగిపోయిన బిట్టు సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, గల్లా మీద పెట్టాడు.

"ఇది ఇనుముకు పెట్టేది. మంచి బిట్టుండె, పాపం. పొడి ఏ రంగు వచ్చింది?"

"ఊడ్చి పారేసిన."

"పొడి పారేస్తే ఎట్ల? గదే గదా చెప్పేది. పొయ్యి గా బొక్కలకెల్లి మేకుతోని గీకి, కాయితంల కట్టుకొనిరా. ఎర్రగ ఉంటే ఇటుక. బూడిద రంగుంటే సిమెంటు. తెల్లగ మెరిసిందంటే రాయి."

ఇంటికి వెళ్లి మేకుతో గీకి, పొడిని కాగితంలో విభూతి పొట్లంలా కట్టి మళ్లీ వెళ్లాను. ఆయన పొట్లం విప్పి, కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. వేళ్లు ఎండలో పెట్టి చూశాడు.

"ముందల సిమెంటు పూత. దాని ఎనుక సున్నం, మన్ను. ఆఖరుకు ఇగో గీ తళుకులు చూసినవా, రాయి. పాత ఇల్లు గదా?"

"పాతదే."

"రాతి గోడ మీద కొత్తగ పూసిన్రు. పై నుంచి చూస్తే అన్నీ ఒక్క తీరుగనే కనపడతయి."

గల్లా మీద మూడు బిట్లు వరసగా పెట్టి చూపించాడు. మొదటిది నా దగ్గరున్నట్టిదే, ఇనుముది. కొస పదును, ఒళ్లంతా ఒకటే మందం. రెండోది కట్టె బిట్టు, కొసన మధ్యలో చిన్న ముల్లు. మూడోది గోడ బిట్టు. చూడటానికి మొద్దుగా ఉంది. కొసన బల్లెం ఆకారంలో ఒక ముక్క అతికి ఉంది, రంగు కొంచెం వేరు. ఆ ముక్క పేరు కార్బైడ్ అని చెప్పాడు. అది బిట్టు ఒంటి కంటే కాస్త వెడల్పుగా ఉండాలట. అప్పుడే పొడి పక్కనుంచి బయటికి వస్తుందట.

"పదును లేదు గదన్నా," అన్నాను.

"రాయిని కోస్తమా చెల్లె? కొట్టి నలగ్గొడతం. మిషను మీద సుత్తె బొమ్మ ఉంటది, గా దిక్కు మీట తిప్పాలె. గప్పుడు తిరుక్కుంట కొడతది. ఇనుముకు, కట్టెకు సుత్తె వద్దు. టైలుకైతే అసలే వద్దు."

వంటింటి టైలు గుర్తొచ్చి అడిగాను. సుత్తె మీట పెట్టి గోడ బిట్టుతోనే చేశారా అన్నాడు. అలాగే చేశారన్నాను.

"పలుగుతది మరి. టైలు పింగాణీ. దాన్ని కొట్టొద్దు, గీకాలె. దానికి ఈటె మొన లెక్క సన్నది వేరే బిట్టుంటది. పైన టేపు అంటించి, చుక్క చుక్క నీళ్లు పోసుకుంట, మెల్లగ తిప్పాలె. టైలు దాటినంక బిట్టు మార్చి, గప్పుడు సుత్తె. మీ ఆయనకు చెప్పు."

చెబుతానన్నాను. చెప్పకుండా ఉండే ప్రశ్నే లేదు.

ఆయన ఆరు మిల్లీమీటర్లవి రెండు, ఎనిమిదివి రెండు తీసి ఇచ్చాడు. రాతికి ఒక్క బిట్టును నమ్ముకుని వెళ్లకూడదట. ముందు ఆరుతో దారి చేసి, తర్వాత ఎనిమిదితో వెడల్పు చేయాలి. ఎనిమిది బిట్టుకు ఎనిమిది గిట్టీ. రంధ్రంలోకి తోసే ప్లాస్టిక్ గొట్టాన్ని ఇక్కడ గిట్టీ అంటారు. స్క్రూ లోపలికి తిరిగే కొద్దీ అది ఉబ్బి రాయిని పట్టుకుంటుంది. బిట్టు వేడెక్కితే ఆగాలి గానీ నీళ్లలో ముంచకూడదు, కొసన అతికిన ముక్క ఊడిపోతుంది. పది లెక్కపెట్టే దాకా నొక్కి, బయటికి తీసి, పొడి రాల్చి, మళ్లీ పెట్టాలి. ఇవన్నీ చెప్పాక, సామాను సంచిలో వేస్తూ ఇంకో మాట అన్నాడు.

"రాళ్ల మధ్యల సందులుంటయి. గండ్ల పడ్డదనుకో, బిట్టు జర్రున దిగుతది. మస్తు సంబరమైతది. కాని గది పట్టుకోదు. రాయిల పడితే నీ చెయ్యి నొస్తది, పట్టుకుంటది."

బుధవారం పట్టీలను గోడకు ఆనించి పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. బిట్టుకు రెండు అంగుళాల దగ్గర టేపు చుట్టాను, అంతకన్నా లోతు పోకుండా. కట్టె బిట్టుతో రాక్ చట్రానికి రంధ్రాలు వేసి ఉంచాను. దానికి సుత్తె లేదు, చప్పుడు లేదు, గోడ ముట్టలేదు. అయినా పెద్దమ్మ రెండుసార్లు తొంగి చూసి పోయింది.

గురువారం పదింటికి ఆటో వచ్చింది. పిల్లలిద్దరినీ అప్పటికే దింపి వచ్చాను. కళ్లలో రాతి పొడి పడకుండా మా ఆయన బండి హెల్మెట్ పెట్టుకుని, ముక్కుకు చున్నీ కట్టుకుని సిద్ధంగా ఉన్నాను. పెద్దమ్మ ఆటో ఎక్కబోతూ నన్ను చూసి ఆగింది.

"గోడ కాడికి బండి మీద పోతున్నవా పిల్లా?"

ఆమె కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. ఆటో సందు మలుపు తిరిగింది. మీట సుత్తె బొమ్మ వైపు తిప్పాను.

మొదటి రంధ్రం దగ్గర బిట్టు గుర్తు మీద నిలవలేదు, పక్కకు జారింది. ఆపి, మేకుతో రెండు దెబ్బలు కొట్టి చిన్న గుంట చేసి, అందులో బిట్టు ఆనించాను. ఈసారి నిలబడింది. పూత పోయింది, గోధుమరంగు మన్ను రాలింది, తర్వాత శబ్దం మారింది. అప్పటిదాకా గరగరమన్నది గణగణమంది. మోచేతి దాకా వణుకు పాకింది. పది లెక్కపెట్టాను, తీశాను, తెల్లటి పొడి రాలింది. మళ్లీ పది. చూస్తే బియ్యపు గింజంత లోతు కూడా దిగలేదనిపించింది. మళ్లీ పది. టేపు గోడను తాకేసరికి పావుగంట పైనే పట్టింది. తర్వాత ఎనిమిది బిట్టు. గిట్టీ పెట్టి స్క్రూ తిప్పితే చివరి మూడు చుట్లు రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. అంత బిగుసుకుంది.

రెండో రంధ్రం, అదే పట్టీకి కింద, నిమిషంలో దిగిపోయింది. నాకు నిజంగానే సంబరమైంది. గిట్టీ వేలితోనే లోపలికి పోయింది. స్క్రూ తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. అది గిట్టీతో సహా గిరగిరా తిరుగుతోంది.

షాపాయన ఏం చెప్పాడో గుర్తుంది. కానీ గడియారం పదకొండు చూపిస్తోంది, ఇంకా రెండు రంధ్రాలున్నాయి. ఇలాంటప్పుడు మా ఇళ్లలో అందరూ చేసేదే నేనూ చేశాను. అగ్గిపెట్టె తెచ్చి, పుల్లల తలలు విరిచి, ఆ పుల్లలను గిట్టీ చుట్టూ కుక్కి స్క్రూ బిగించాను. మా పుట్టింట్లో గడియారం, క్యాలెండరు, స్విచ్ బోర్డు అన్నీ అగ్గిపుల్లల మీదే నిలబడి ఉంటాయి. స్క్రూ ఆగింది. చూడటానికి పైదానికీ దీనికీ తేడా లేదు.

మూడోది రాయి. సగం దిగాక ఆరు బిట్టు కొస మొద్దుబారి ఇక కదల్లేదు. రెండో బిట్టు పెట్టాను. నాలుగోది కూడా రాయే. చున్నీ లోపల ఊపిరి వేడిగా తగులుతోంది. హెల్మెట్ అద్దం మీద పొడి పేరుకుంటే చున్నీ చెంగుతో తుడుచుకుంటూ చేశాను. నాలుగో స్క్రూ బిగించి, పట్టీల రెండో చేతులను రాక్ చట్రానికి కూడా బిగించేసరికి పన్నెండు కావస్తోంది.

ఇంకా వాళ్లు రాలేదు. కిటికీకి కట్టిన తాడు విప్పి, ముందు సొరుగుల చోట రెండు చేతులూ పెట్టి రాక్‌ను నా వైపు లాగాను. రాలేదు. అప్పుడు పై అర అంచు పట్టుకుని, కాళ్లు ముడిచి, నా బరువంతా దాని మీద వేశాను. కుడి పట్టీ కదల్లేదు. ఎడమ పట్టీ కింది భాగం గోడ నుంచి గోరంత లేచింది. లోపల పుల్లలు నలిగిన చప్పుడు సన్నగా వినిపించింది. దిగి చూస్తే స్క్రూ తల పక్కన రెండు పుల్లలు బయటికి వచ్చి ఉన్నాయి.

గేటు బయట ఆటో ఆగింది.

"అయ్యిందా పిల్లా?" పెద్దమ్మ గేటు ఇవతలికి రాకుండానే అడిగింది.

మూడు గట్టిగా ఉన్నాయి. అవునంటే అయిపోయేది. నా పిల్ల పద్నాలుగు కిలోలు కూడా లేదు, మూడు స్క్రూలు ఆపుతాయేమో. ఆపకపోవచ్చు. రేపు కొడుకు కూడా ఎక్కితే, ఇద్దరూ ఒకేసారి ఎక్కితే అని నా బుర్ర లెక్క వేస్తూనే ఉంది. ఆ 'ఏమో'తో ఐదు నెలలు ఈ ఇంట్లో నేను నిద్రపోలేను. హెల్మెట్ తీసి గేటు దాకా వెళ్లాను.

"కాలేదు పెద్దమ్మా. ఒకటి వదులైంది. నాదే తప్పు, అగ్గిపుల్లలు పెట్టిన. మళ్ల తొలవాలె."

"పిల్ల ఎండల ఉన్నది."

"పావుగంట, పెద్దమ్మా. అర్ధగంట అనుకో. కోపం చేస్తే చెయ్యి. వదులు పెట్టి మాత్రం ఆపను."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నా జుట్టు, కనుబొమ్మలు తెల్లటి పొడితో నిండి ఉన్నాయి. కూతురు ఆటోలోంచి మెడ చాపి, "అమ్మా, ఎదురింట్ల ఫ్యాను కింద కూసుంట నేను. ఆమె ఎట్లనో రమ్మంటనే ఉంటది" అంది. పెద్దమ్మ కూతురిని ఎదురింట్లో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, చెప్పులు గేటు దగ్గర విడిచి మా గదిలోకి వచ్చింది.

"ఏం పట్టుకోవాలె?" అంది.

పట్టీకి గోడ వైపు మూడు రంధ్రాలుంటాయి. పైదీ కిందిదీ వాడాను, నడిమిది ఖాళీగా ఉంది. పట్టీ విప్పి, ఆ నడిమి రంధ్రం చోట గోడను మేకు తలతో తట్టాను. కింద డొల్లగా పలికిన గోడ ఇక్కడ ఠంగుమంది. రాయి అక్కడిదాకా ఉంది. పెద్దమ్మ రాక్ కదలకుండా భుజం ఆనించి, పొడి కింద పడకుండా గోడకు కాగితం పట్టుకుంది. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. పది లెక్కపెట్టడం నేను మనసులో చేసేదాన్ని, ఆమె పైకే లెక్కపెట్టింది. పది అనగానే నేను తీయడం, ఆమె కాగితం దులపడం.

"గట్టి రాయి," అంది మధ్యలో, కొంచెం గర్వంగానే. "మా మామ బండ్ల మీద తెప్పిచ్చిండు. ఒక్కొక్క రాయి తిప్పి తిప్పి చూసి పెట్టిచ్చిండట."

"గా సందులల్ల సుత రాయే పెట్టిస్తే అయిపోతుండె గదా."

"మాట్లాడకు. ఎనిమిది... తొమ్మిది... పది. తియ్యి."

టేపు గోడను తాకింది. ఎనిమిది బిట్టుతో వెడల్పు చేసి, గిట్టీని సుత్తెతో మూడు దెబ్బలు కొడితే గానీ పోలేదు. పట్టీ పెట్టి స్క్రూలన్నీ బిగించాను. మళ్లీ పై అర అంచు పట్టుకుని వేలాడాను. ఏమీ కదల్లేదు. పెద్దమ్మకు నమ్మకం చాలలేదు. నన్ను పక్కకు జరగమని, తనే రెండు చేతులతో లాగి చూసింది. తర్వాత అరచేతులు చీరకు తుడుచుకుంది.

"ఇల్లు పడాలె గాని ఇది పడదు," అంది.

కూతురిని పిలుచుకొచ్చింది. స్కానింగ్‌లో అంతా బాగుందన్నారట. మిషన్ పెట్టెలో పెట్టి, తాళం వేసి, వాళ్ల ముందే మంచం కిందికి తోశాను. పొడి ఊడుస్తుంటే ఆ అమ్మాయి, "అక్కా, మా అత్తోళ్లింట్ల బీరువా సుత ఊగుతది. గోడ దేనిదో ఎట్ల తెల్సుకోవాలె?" అని అడిగింది. ముందు పొడి చూడమన్నాను. "ఇప్పుడు కాదే" అని పెద్దమ్మ వెంటనే అడ్డుపడింది.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశారు. అయిపోయిందంటే నమ్మలేదు.

"ఏ బిట్టుతోని కొట్టినవు?"

"ముందుగాల గోడ దేనిదో చెప్పుండ్రి."

"గోడ... గోడనే గదా."

నాకు నవ్వాగలేదు. టైలు ఎందుకు పగిలిందో కూడా చెప్పాను. ఆదివారం వస్తూ ఆ టైలు బిట్టు కొనుక్కొస్తానన్నారు. కొనండి, కానీ వంటింట్లో వాడొద్దు అన్నాను.

ఇదంతా జరిగి రెండు రోజులవుతోంది. కుడి చేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా మడవలేకపోతున్నాను, అక్షరాలు వంకరగా వస్తున్నాయి. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. మరుసటి రోజు పొద్దున పిల్లలతో అన్న మాటలు మరిచిపోకముందే రాసి పెట్టుకోవాలని ఉంది.

శుక్రవారం పొద్దున సొరుగులు మళ్లీ రాక్‌లో పెట్టాను. ఇద్దరినీ దాని ముందు కూర్చోబెట్టాను. అప్పటిదాకా వాళ్లకు 'ముట్టొద్దు' అని తప్ప కారణం చెప్పలేదు. చెబితే భయపడతారనుకున్నాను. అసలు భయపడింది నేను. కొడుకు పట్టీలను చూసి అడిగాడు.

"మమ్మీ, ఇప్పుడు ఎక్కొచ్చా?"

"ఇది పడదు. నేను వేలాడి చూసిన. మీరిద్దరు ఎక్కినా పడదు."

కూతురు అప్పుడే లేవబోయింది. చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాను.

"పడదు. కాని ఎక్కొద్దు. మొన్న ఇది మీ మీద పడేది. చెల్లె మీద పడితే ఇద్దరం కలిసి లేపినా లేవకపోతుండె. నాకు మస్తు భయమైంది. మన ఇంట్ల పట్టీలు కొట్టిన. అమ్మమ్మోళ్లింట్ల కొట్టలేదు, మీ దోస్తులిండ్లల్ల కొట్టలేదు. అక్కడ ఏ గోడ ఎట్లున్నదో నాకు తెల్వది, మీకు తెల్వది. పై అరల ఏమన్న కావాలంటే సొరుగు ఎక్కొద్దు. పెద్దోళ్లను పిలువుండ్రి. ఎవ్వరు లేకుంటే, వచ్చేదాక ఆగుండ్రి."

"పిలిస్తె రాకపోతే?" అన్నాడు కొడుకు.

"మళ్ల పిలువు," అన్నాను. "నేనైతే వస్త. చేతుల ఏమున్నా కింద పడేసి వస్త."